ఆ మాట అనకూడని కొట్టు

మొన్న ఏలూరులో ప్లాస్టిక్ గాజులు బేరమాడుతుంటే, కొట్టాయన వాటిని బల్లకేసి కొట్టి చూపించి, "పగలవండీ, ఎన్నాళ్లయినా ఇలాగే ఉంటాయి" అన్నాడు. బేరంలో ఎంతటి కొట్టాయన్నయినా ఏడిపిస్తానని పేరున్న నేను, నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చేశాను.

మా నాయనమ్మది కైకలూరులో గాజుల కొట్టు. పక్కనే ఐసు కొట్టు. తెల్లవారకుండానే చేపల పెట్టెల కోసం దిమ్మలు పగలగొట్టే చప్పుడూ, చేపల మేత వాసనా కలిసి మమ్మల్ని లేపేవి. బయట 'పగలడం' అన్న మాటకి అడ్డే లేదు. ఎండాకాలం కొల్లేటి అంచున నేల పగిలేది, చలికి పెదవులు పగిలేవి, నాన్న తిట్లలో పూటకొకరి మొహం పగిలేది, నాన్న చెల్లెలు, మా అత్త, పగలబడి నవ్వేది. కొట్టు గడప లోపల మాత్రం గాజు పగిలినా 'పెరిగింది' అనాలి, అంతే. అట్లతద్ది ముందు ఆడవాళ్లు కిక్కిరిసిపోతే, నాయనమ్మ సబ్బు నురగ రాసి, ఒక్కొక్కరి చెయ్యీ పిసికి మెత్తబరిచి, కబుర్లతో ఏమార్చి గాజులు ఎక్కించేది. తన చేతులు మాత్రం బోసిగా ఉండేవి.

కొల్లేటిని మళ్లీ సరస్సు చెయ్యాలని ప్రభుత్వం చేపల చెరువుల గట్లు పగలగొట్టించిన ఏడాది, అత్త మొగుడు, మా మావయ్య, తను మేత వేసి పెంచిన చేపలు నీళ్లతో పాటు వెళ్లిపోతుంటే నిలబడి చూశాడు. కొద్దిరోజులకే నిద్రలో పోయాడు. "గుండె పగిలిందండీ" అన్నారు వచ్చినవాళ్లు. నాయనమ్మ ఎవర్నీ కసరలేదు.

పదో రోజున అత్తని పీట మీద కూర్చోబెట్టి, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు వేశారు. మావయ్య మేనత్త రాయి పట్టుకుని ముందుకొచ్చింది.

"ఉండండి. నేను తీస్తాను" అంది నాయనమ్మ.

"తియ్యడమేంటండీ, పగలాలి కదా!"

"నా కొట్లో ఆ మాట అనరండీ."

"ఇది మీ కొట్టు కాదండీ."

"దాని చెయ్యి ఎక్కడుంటే అదే నా కొట్టు."

"మీకూ ఇలాగే చేశారు కదండీ!"

"అందుకేనండీ" అని నాయనమ్మ తన మణికట్టు చూపించింది. ముడతల మధ్య పాత గాట్లు, తెల్లగా.

సబ్బు తెమ్మని నన్ను పంపింది. నురగ రాసి, ఒక్కొక్క గాజే జార్చింది, ఒక్కటీ చిట్లలేదు. అప్పటిదాకా ఏడవని అత్త, ఆఖరి గాజు దగ్గర "అమ్మా, నొప్పే" అని చంటిపిల్లలా భోరుమంది.

నాయనమ్మ పోయింది. కొట్టు చోట ఇప్పుడు మేత గోదాము. గాజులు అట్టపెట్టెల్లో సైజు చూసి కొనుక్కుంటున్నాం; అమ్మేవాళ్లెవరూ మన చెయ్యి పట్టుకోరు. నేను కొన్నవి తాడేపల్లిగూడెంలో ఉంటున్న అత్తకిచ్చి, "ఈ రోజుల్లో ఎవరేమంటారు, వేసుకో అత్తా" అన్నాను.

అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, నా ఒళ్లో పెట్టేసింది.

"తొడిగే మనిషేదే?"