పొయ్యి వెనక గోడ

నాగలక్ష్మి పుస్తకం రాస్తోందంటే నమ్మేవాళ్లు రాష్ట్ర సరిహద్దు అవతల, కోంటా దగ్గరి ఆ ఊళ్లో ఒక్కరూ లేరు. ఎలా నమ్ముతారు? ఆమె చేతిలో కలం ఎవరూ చూస్తేగా! గంజి వారుస్తూనో, కూర కలుపుతూనో ఏదన్నా తట్టిందా, చల్లారిన బొగ్గుముక్క తీసి గోడ మీద గీకేసేది. మొదట్లో నోటుబుక్కుల్లోనే రాసింది. ఒక్క వానాకాలంలో చెదలు మొత్తం తినేశాయి. ఆ ఏడుపు మళ్లీ వద్దనుకుంది.

గోడ రాతకూ ఓ పద్ధతుంది మరి. తూర్పు గోడ మనుషులది: ఎవరు ఎలా నడుస్తారు, ఎవరు దేనికి అలుగుతారు. పడమటి గోడ మాటలది: సంతలో తెలుగూ హిందీ, అక్కడి గిరిజనుల దోర్లీ కలిపి విసురుకునే తిట్లతో సహా. పొయ్యి వెనక గోడ మాత్రం అత్త భద్రమ్మది. ఆ ముసలామె తన బతుకు చెబుతుంటే, ఆమె నోటి మాట ఉన్నదున్నట్టుగా అక్కడ ఎక్కించేది. ఒక ముక్క ఇంకోదానికి అతుకుతుందనిపిస్తే రెంటికీ మధ్య గీత లాగేది. ఆరేళ్ల పని. పుస్తకానికి ఆమె దగ్గరున్న సరుకంతా ఆ మూడు గోడలే.

ఎవరైనా చదువుతారన్న భయం లేదు. ఊరంతా హిందీ బడిలో చదివినవాళ్లే. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ, అక్షరం ఒక్కటి రాదు. భద్రాచలం నుంచి కోడలుగా వచ్చిన ఈమెకే వచ్చు. ఆ ధైర్యంతోనే భద్రమ్మ ఓ మధ్యాహ్నం, "గోడకే చెప్తున్న అనుకో బిడ్డా, నా కొడుకు చెవిన మాత్రం పడొద్దు" అని ముప్పై ఐదేళ్లు దాచుకున్నది చెప్పేసింది. నాగలక్ష్మి అదీ రాసింది.

భద్రమ్మ జ్వరంతో పోయింది. మూడోనాడు పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టాలి. ఆలోపు మైల తీరేలా ఇల్లంతా మట్టీ పేడా కలిపి పూయాలి. ఏడుపులో, చుట్టాల హడావుడిలో ఆ సంగతి నాగలక్ష్మికి తట్టనే లేదు. ఎంత తెలివితక్కువతనం! మూడోనాడు పొద్దున్నే నీళ్లకు వెళ్లొచ్చేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు తూర్పు, పడమటి గోడలు నున్నగా పూసేశారు.

బిందె వదిలేసి పరుగెత్తింది. తడిమట్టిని గోళ్లతో గీకింది. మట్టితో పాటు బొగ్గూ ఊడి వచ్చింది.

"ఏందే, పిచ్చి లేచిందా?" పక్కింటి లక్కే చెయ్యి పట్టుకుంది.

"నా రాతలు లక్కే! ఆరేండ్లయి!"

"మసిగీతలకు గింత ఏడుపా? ఇల్లు మైలగుంటే పిట్ట ముడుతదా? మీ అత్త ఆకలితోనే తిరగాల్నా?"

నాగలక్ష్మి పొయ్యి గోడకు వీపు ఆనించి అడ్డంగా నిలబడింది. "మీ కాళ్లు మొక్కుత, దీన్ని ఆపుండ్రి. కోంటా పోయిన మా ఆయన ఫోను తెస్తడు. ఫోటో తీసుకున్నంక పూద్దురు."

లక్కే గొణుక్కుంటూనే మట్టి తట్ట దించింది. పొద్దు ఎక్కుతోంది. పిట్టకు పెట్టే వేళ దాటిపోతోందని బయట మగవాళ్లు కేకలేస్తున్నారు. నాగలక్ష్మి కదల్లేదు. ఇది కూడా పోతే తనకు ఇంక ఏమీ లేదు.

మొగుడు హరిబాబు పూజ సామాన్లతో వచ్చాడు. రాగానే అతని జేబులోంచి ఫోను లాక్కుంది. అతని వెనకే ఆమె అన్న గవర్రాజు లోపలికొచ్చాడు. భద్రాచలంలో తెలుగు పంతులు, పరామర్శకు వచ్చాడు. చెల్లెలు కెమెరా వెతుక్కుంటుంటే, ఆయన కళ్లద్దాలు సర్దుకుని గోడకేసి చూశాడు.

"అరె, మన తెలుగు! నువ్వే రాసినవా చెల్లె?" అంటూ, బడిలో పాఠం చెప్పినట్టు పెద్ద గొంతుతో అందుకున్నాడు. "తోంగ్‌పాల్‌ల బస్సు దిగినం. రోడ్డు పక్కన ఒకామె పానం పోయి పడున్నది. ఆమె ఒళ్లె పసిగుడ్డు..."

"గిది మా అమ్మ మాటే!" హరిబాబు మొహం వెలిగిపోయింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి. "చదువు బావా, చదువు. అమ్మ మాట్లాడుతున్నట్టే ఉన్నది."

తర్వాతి ముక్క ఏమిటో నాగలక్ష్మికి తెలుసు. 'ఆ గుడ్డే నా హరిబాబు.'

ఫోను జారవిడిచింది. రెండు చేతులూ తట్టలో ముంచి, ఇంత మట్టి తీసి గోడకేసి కొట్టింది. ఇంకా తీసి పూసింది. అన్న నోరు తెరిచేలోపు ఆ ముక్క పోయింది, దాని కింది ముక్కా పోయింది. ఏడుస్తూ మోచేతుల దాకా మట్టితో గోడంతా మెత్తేసింది.

"ఏం చేస్తివే! అమ్మ మాట ఒక్కటన్న ఉంచకపోతివి!" హరిబాబు గోడ దగ్గర కూలబడ్డాడు.

గవర్రాజు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి ముక్క ఆయన కళ్లకు అప్పటికే అందింది కాబోలు.

"లే," అంది నాగలక్ష్మి, మొగుడివైపు చూడకుండా. "యాళ్లయితుంది. ఆమె కన్న కొడుకువు, నువ్వు పెడితెనే పిట్ట ముడుతది. పో."