జంగల్ మంత్రి ఓటు

2004 వేసవి. మణుగూరు దాటి అడవిలోకి వెళ్తే వచ్చే ఒక గూడెంలో, రెండు గదుల బడిలో నాకు ఎన్నికల డ్యూటీ పడింది. నేను వైరాలో లెక్కల మాస్టారిని. ఆ ఒక్క రోజుకు మాత్రం ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని, అంటే ఆ పోలింగ్ కేంద్రానికి బాధ్యుణ్ణి. నిబంధనలంటే నాకు కొంచెం చాదస్తం. ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదువుకుని వెళ్లాను. మా ఆవిడ నవ్వింది కూడా.

ఆ ఊరికి ఓటింగ్ యంత్రం కొత్త. ముందు రిజిస్టర్‌లో వేలిముద్ర, తర్వాత వేలికి సిరా. ఆపైన మా సిబ్బందిలో ఒకరు కంట్రోల్ యూనిట్ మీద బటన్ నొక్కితేనే అవతల యంత్రం ఓటు తీసుకుంటుంది. ఆ యంత్రం చుట్టూ అట్టలు కట్టి చాటు చేస్తాం. దాని పేరు ఓటింగ్ కంపార్ట్‌మెంట్. పేరు వింటే రైలు పెట్టె గుర్తొస్తుంది కానీ, చూస్తే మూడు అట్టముక్కలే.

పొద్దున తలుపు తీసేసరికి వరసలో అందరికంటే ముందు పాయం లచ్చయ్య నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన కోయ పెద్దమనిషి. ఊరంతా ఆయన్ను మంత్రి తాత అంటోంది. ముద్దుకో ఎగతాళికో పెట్టిన పేరనుకున్నాను. వెనకాల వరస చాలా పొడుగ్గా ఉంది. ఆడవాళ్లను ముందు రమ్మంటే ఒక్కరూ కదల్లేదు. "తాత వేసినంకనే మేం వేస్తం సార్," అన్నారు.

వేలిముద్ర, సిరా అయ్యాయి. అట్టల దగ్గరకు వెళ్లి ఆయన ఆగిపోయాడు.

"ఇవి తియ్యి సారు."

"తీయకూడదు తాతా. ఓటు చాటునే వేయాలి."

"చాటుకేంది? నేనేమన్న దొంగనా?" అని వరస వైపు తిరిగి, తను ఓటు ఎవరికి వేయబోతున్నాడో గట్టిగా చెప్పేశాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. రాయకూడదు కూడా.

లోపల కూర్చున్న పోలింగ్ ఏజెంట్లు, అంటే పార్టీల తరఫు మనుషులు, ఒక్కసారి లేచారు. "సార్, గిట్ల చెప్తే ఆ ఓటు చెల్లది. పంపెయ్యుండ్రి," అన్నాడు ఒకడు. వాడి తొందర చూస్తే నాకు ఒళ్లు మండింది. కానీ వాడు చెప్పింది నిబంధనే. ఓటు గుట్టు పాటించనంటే ముందు హెచ్చరించాలి, అప్పటికీ వినకపోతే ఓటు వేయనివ్వకూడదు. ఇంకా బటన్ నొక్కొద్దని మా వాళ్లకు సైగ చేసి, ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టాను.

"చెప్పు తాతా, చాటంటే నీకెందుకంత కోపం?"

అప్పుడు చెప్పాడు. నిజాం పాలన చివరి ఏడాది. "గోదారి అవతల భద్రాచలంల స్వరాజ్యం వచ్చింది సారు. ఇవతల మాకు రాలే. ఎవరో తెచ్చిచ్చేదాక ఎందుకని మేమే ఓ సర్కారు పెట్టుకున్నం. అయిదుగురు మంత్రులం. నేను జంగల్ మంత్రిని, అప్పటికి మీసాలు గూడ సరిగ రాలే. ఇప్పపువ్వు ఏరనీకి ఎవ్వల పర్మిషన్ అక్కర్లేదని హుకుం ఇచ్చిన. పువ్వు రాలుడు మొదలైనంక పెట్టుకున్నం, తొలకరికి పోయింది మా సర్కారు."

"ఎట్ల పోయింది?"

"ఏ ముచ్చటైనా మంత్రులందరం లేచి, జనం ముంగట నోటితోని చెప్పాలె. అది మా కానూను. ఒక్కడు మాత్రం నోరు మెదపకపోతుండె. వాడే రజాకార్లకు తొవ్వ చూపిండు. మా పెద్దమంత్రిని కాల్చిండ్రు. గందుకే చెప్తున్న, దాచుకునేటోన్ని నమ్మొద్దు."

ఓటుకు గుట్టు ఎందుకో, మా బడిలో ఇరవై ఏళ్లుగా పౌరశాస్త్రం చెప్తున్న మాస్టారైనా ఆయనకు ఏమని చెప్పగలడు? ఓటు వేయనివ్వకపోతే ఆయన వెళ్లిపోతాడు, ఆయన వెనకే వరసంతా వెళ్లిపోతుంది. వేయనిస్తే నిబంధన పోతుంది.

అప్పుడు వరసలోంచి ఆయన కోడలు సమ్మక్క మాట్లాడింది, తల వంచుకునే.

"మామా, నువ్వు గట్టిగ చెప్తే నీ వెనక మేమంత గట్టిగ చెప్పాలె గద. నీకు భయం లేదు. మేం కూలికి పోయేటోళ్లం. పని ఇచ్చేటోడు వింటే రేపు పిలుస్తడా?"

"నాకు చెప్పు బిడ్డా. వానికి చెప్పకు."

"నీకు గూడ చెప్పను మామా."

ఆయన ముఖంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. కోడలి వైపు చూసి, లేచాడు.

"అట్లయితే వాళ్లను చాటుకే వేసుకోనియ్యి సారు. నేను మాత్రం చాటుకు పోను. అప్పుడు పోలే, ఇప్పుడెట్ల పోత?"

రెండోసారి హెచ్చరించాను. నిజానికి బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా, గుట్టు పాటించనందున ఓటు వేయనివ్వలేదని రాసి సంతకం పెట్టాను.

ఆయన బయటకు నడిచి, దూరంగా బోరింగు గద్దె మీద బడికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎవరు వస్తున్నారో, ఎంతసేపు లోపల ఉంటున్నారో తను చూస్తున్నానని ఎవరూ అనుకోకూడదట. సమ్మక్క ముందు వచ్చింది. తర్వాత వరసంతా వచ్చింది. సాయంత్రం దాకా ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

యంత్రానికి సీలు వేసి జీపు ఎక్కుతుంటే దగ్గరకొచ్చాడు.

"అందరు వేసిండ్రా సారు?"

"దాదాపు అందరూ వేశారు తాతా."

"ఎవ్వలు ఎవ్వలికి వేసిండ్రో నీకెర్కనా?"

"తెలియదు. ఎవరికీ తెలియదు."

"నాకు గూడ తెల్వదు," అన్నాడు. "మంచిగనే ఉంది."

తర్వాత ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేశాను. ఓటు గుట్టు గురించి పుస్తకంలో ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు. కానీ భయం లేనివాడు పక్కవాడి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని, తన పట్టు కోసం తన ఓటే వదులుకోవాలి గానీ వాడి చాటు తీయించకూడదని నేర్చుకున్నది మాత్రం, నా చేత్తో నేనే ఓటు కాదన్న ఆ మంత్రి దగ్గరే.