ఎమ్మెల్యే దగ్గరికి గొర్రెను తీసుకుపోయిన మా మేనత్త

ఈ నెల మొదట్లో మా మేనత్త కన్నుమూసింది. కేతేపల్లి పక్క ఊరి నుంచి పొద్దున్నే ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి చెప్పాడు. కాసేపు ఏడ్చాడు. తర్వాత గొంతు సర్దుకుని, "ఎమ్మెల్యే సారుకు గూడ చెప్పాల్నంటవా?" అని అడిగాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియాలంటే ఆమె ఎలాంటి మనిషో తెలియాలి.

అత్త బతుకంతా గొర్రెలతోనే గడిచింది. మనుషులతోనూ వాటితో మాట్లాడినట్టే మాట్లాడేది. ముందు ఒక అదిలింపు, ఆ తర్వాతే ప్రేమ. పెళ్ళిళ్ళలో మమ్మల్ని భోజనాల వరుసలో కూర్చోబెడుతూ "టుర్ర్" అనేది. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, బుద్ధిగా జరిగి కూర్చునేవాళ్ళం. నోరు తెరిచి అడగడానికి జంకే వాళ్ళంటే మాత్రం ఆమెకు చిరాకు. "అడిగితే ఏమైతది, కాదంటడు. కాదన్నంక మళ్ల అడుగొచ్చు" అనేది.

ఆ మధ్య ఒక వానాకాలం ఊరి పశువుల దవాఖానకు నట్టల మందు రాలేదు. ఏటా వానలు పడగానే గొర్రెలకు ఉచితంగా తాగించే మందు అది. తాగించకపోతే కడుపులో పురుగులు పెరిగి, దవడ కింద నీరు దిగి, గొర్రె నిలబడ్డచోటే కూలబడుతుంది. పైనుంచి నిధులు తగ్గించారని, బయట కొనుక్కోమని కాంపౌండర్ చెప్పాడు. స్తోమత ఉన్నవాళ్ళు కొన్నారు. మిగతా మందల్లో చావులు మొదలయ్యాయి. మగవాళ్ళు హోటల్ దగ్గర చేరి ప్రభుత్వాన్ని తిట్టి, చాయ్ తాగి, ఇళ్ళకు పోయేవారు.

అత్త మాత్రం దవడ వాచిన ఒక చిన్న గొర్రెను చంకనెత్తుకుని నల్లగొండ బస్సెక్కింది. సెలవుకు వచ్చిన నేను తోడు వెళ్ళాను. గొర్రెకు టికెట్ తీయమన్నాడు కండక్టర్. ఆడవాళ్ళకు ఉచితమే కదా అంది అత్త. అది మనుషులకని అతను ఓపికగా చెప్పాడు.

"ఇది గూడ ఆడదే బిడ్డా, సూస్కో" అని గొర్రెను అతనివైపు తిప్పింది. అతను చూడకుండానే ముందుకు వెళ్ళిపోయాడు.

ఎమ్మెల్యే ఇంటి ముందు శాలువాలు, పూలగుత్తులు పట్టుకుని జనం నిలబడ్డారు. వినతిపత్రం రాసిస్తే సారుకు అందజేస్తానన్నాడు పీఏ. తనకు రాయరాదని, గొర్రెకు కూడా రాదని అత్త చెప్పింది. ఈలోపు గొర్రె ఒక పెద్దమనిషి చేతిలోని పూలగుత్తిని మేయడం మొదలుపెట్టింది. ఆయన గుంజుకోబోతే అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. "తిననియ్యి సారూ, నిన్నటిసంది ఏం ముట్టలే" అని బతిమాలింది. ఆ గోలకే ఎమ్మెల్యే బయటికి వచ్చాడు.

మర్యాదగానే విన్నాడు. తన చేతిలో ఏమీ లేదని, పైనే కోత పెట్టారని చెప్పాడు.

అత్త గొంతు పెంచలేదు. "పైన దేవుడు వానకు కోత పెడితే ఎవర్నడుగుతం బిడ్డా, నోరు మూస్కొని ఉంటం. నిన్ను మేమే పంపినం గద. గీ గొర్రెకు నోరు లేదని నేనొచ్చిన. మాకు నోరు లేదని నిన్ను పంపినం. నువ్వు గూడ లేదంటే ఎట్ల?"

ఎమ్మెల్యే వంగి గొర్రె దవడ కింద వేలితో నొక్కి చూశాడు. అక్కడ గుంట పడింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. దాన్నే కాసేపు చూసి, ఆయన ఫోన్ తీశాడు.

మందు వచ్చింది. మా ఒక్క ఊరికే కాదు, మండలమంతా వచ్చింది. కావలసినదాంట్లో సగమే వచ్చిందని అత్త మళ్ళీ బస్సెక్కింది. ఆ గొర్రె మాత్రం బతకలేదు. అది పోయిన రోజు ఆమె అన్నం తినలేదు.

అప్పటినుంచి ఎమ్మెల్యే మా ఊరికి ఏ పని మీద వచ్చినా, కారు దిగకముందే ఆమె ఊళ్ళో ఉందా అని వాకబు చేసేవాడు. ఉందంటే, గొర్రెల సంగతి తానే ముందు ఎత్తుకునేవాడు. చాయ్ తాగాక అడుగుతానులే, ముందు కూర్చోమనేది అత్త.

దినాల రోజు ఆయన వచ్చాడు. ఫోటోకు దండ వేసి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ నిశ్శబ్దం ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఈసారి మందు సరిగ్గా అందిందా అన్నాడు. అంతా తల ఊపారు. బావ మాత్రం ఊపలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏమీ అడగని మనిషి, తువ్వాలతో మొహం తుడుచుకుని, "సగమే వచ్చింది సారూ" అన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక దొడ్డివైపు నడిచాను. కంచె మీద ఆరేసిన అత్త గొంగడి ఒక పక్కకు జారి నేలను తాకుతోంది. రెండు గొర్రెపిల్లలు దాని కిందికి దూరి, మూతులు మాత్రం బయటపెట్టి, నిద్రపోతున్నాయి.