స్కూలు బస్సులో కటీఫ్

గల్ఫ్‌లో, అబూ హమూర్‌లో ఒక స్కూలు బస్సుకు ఆయాను నేను. పిల్లల్ని ఎక్కించడం, బెల్టులు పెట్టడం, దించడం నా పని. అల్ మన్సూరాలో ఒకే బిల్డింగు నుంచి ఇద్దరు ఆడపిల్లలు ఎక్కేవారు. ఒకరిది కొరియా, ఒకరిది జపాన్. ఒకే సీటు, ఒకే బిస్కెట్ పొట్లం. విడదీస్తే నా ప్రాణం తోడేసేవారు.

ఇక్కడ బడి వారం ఆదివారంతో మొదలు. అలాంటి ఒక ఆదివారం పొద్దున కొరియా పిల్ల నేరుగా వెనక సీట్లోకి పోయింది. జపాన్ పిల్ల పక్కచోటు బ్యాగుతో ఆపిపెట్టి, తిరిగి తిరిగి చూస్తోంది.

కటీఫ్ అయిందనుకున్నాను. ఆర్మూరు దగ్గర మా ఊళ్లో పిల్లలు చిటికెన వేలు చూపి కటీఫ్ అంటారు, సాయంత్రానికి రెండు వేళ్లు కలిపి దోస్తీ అంటారు. స్కూలు దగ్గర దించుతూ, పెద్ద పెత్తందారులా ఇద్దరి చేతులూ పట్టుకుని వేళ్లు కలపబోయాను. కొరియా పిల్ల చెయ్యి విదిలించుకుంది.

"నిన్న మా శనివారం కొరియన్ బడిలో చరిత్ర చెప్పారు ఆంటీ. వీళ్లు మా దేశాన్ని లాక్కున్నారట. ఎప్పటికీ మరిచిపోవద్దంది టీచర్."

"నేనేం చేశాను? నాకెవరూ చెప్పనే లేదు," అంది రెండోది.

జరిగింది జరగలేదని ఎలా అనను? కానీ ఆ టీచర్ మీద ఒళ్లు మండింది. కోపమైతే నేర్పింది, దాన్ని పెట్టుకుని రేపు ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అదంతా ఈ పిల్ల నెత్తిన పడింది.

చిన్నప్పుడు మా ఊరి బడిలో నిజాం పాఠం చెప్పిన రోజు క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. ముస్లిం పిల్లను నేనొక్కదాన్నే. మా తాత సంతలో గాజులమ్మేవాడు, నిజాంను కంటితో చూసినవాడు కాదు.

డ్రైవరుది జగిత్యాల. తిరుగు ట్రిప్పులో అతనితో చెప్పుకున్నాను.

"ఊకో ఆపా. మన డ్యూటీ బెల్టు పెట్టుడు, దించుడు. పాఠాలు మనకెందుకు?" అన్నాడు.

కొన్నాళ్లకు కొరియా పిల్ల తల్లి బస్సు దగ్గరికి వచ్చి, ఇద్దర్నీ వేరుగా కూర్చోబెట్టమంది. "ఆ పిల్ల మంచిదే. కానీ పాఠం తప్పని నా కూతురికి ఎలా చెప్పను?" అని కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఏం తెలుసు? సరే మేడమ్ అన్నాను.

మర్నాడు జపాన్ పిల్లను ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బెల్టు పెడుతుంటే అడిగింది:

"ఆంటీ, వాళ్ల బడిలో ఆ పాఠం ఎప్పుడైపోతుంది?"

"అయిపోతుందిలే బేటా," అన్నాను. నాకు నలభై దాటాయి. నా పాఠమే ఇంకా అయిపోలేదు.