చీటీ మీద కాండం

మా కాలేజీ పిల్లలంతా వృక్షశాస్త్రం ల్యాబు అటెండరుని పల్చన బాబాయి అనేవారు. మనిషేం పల్చన కాదు, గుమ్మంలో నిలబడితే లోపలికి గాలాడదు. ఆయన కోసే ముక్కలు పల్చన. లేత వేరుని క్యారెట్ ముక్కలో ఇరికించి రేజరు సర్రున లాగితే, నీళ్లలో పడ్డ ముక్క కంటికి ఆనేది కాదు. లెక్చరర్లం మేం కోసినవి కూరలోకి పనికొస్తాయి.

మా హెడ్డుగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్లైడుకి స్వహస్తాలతో 'చిక్కుడు కాండం' అని చీటీ అంటించారు. తీరా చూస్తే అది వేరు! కాండంలో నీటి గొట్టాలూ ఆహారపు గొట్టాలూ కలిసి కట్టలై, నడుమనున్న దవ్వ చుట్టూ వలయంగా ఉంటాయి. లేత వేరులో నీటి గొట్టాలు నడిమధ్య నక్షత్రంలా ఉంటాయి, ఆహారపు గొట్టాలు ఆ నక్షత్రం సందుల్లో సర్దుకుంటాయి. కళ్లున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. అయినా ఏటా పరీక్షలో చీటీ కప్పేసి అదే స్లైడు పెట్టేవాళ్లం. పిల్లలు పై క్లాసువాళ్లు చెవిలో వేసిన ప్రకారం శుభ్రంగా నక్షత్రం గీసి, కింద 'కాండం' అని రాసి ఐదు మార్కులూ పట్టుకుపోయేవారు. బాబాయికి తెలుసు, నాకూ తెలుసు. హెడ్డుగారి చేతిరాతతో ఎవడు పెట్టుకుంటాడు?

ఆ ఏడు బాబాయి కూతురు పరీక్షకి కూర్చుంది. వంటింటి బల్ల మీద కాడలు కోసి ఆ పిల్లకి అన్నీ నేర్పింది ఆయనే. ఈ స్లైడు సంగతి చెప్పడానికి మాత్రం సిగ్గుతో నోరు రాలేదు. బాబాయి కూతురే కదా, తెలిసే ఉంటుందని తోటిపిల్లలూ చెప్పలేదు. ఆ పిల్ల చూసింది, 'వేరు' అని రాసింది. సున్నా పడింది. రెండు మార్కుల తేడాతో పరీక్ష పోయింది.

బాబాయి ముఖం కందగడ్డయింది. కిటికీలోని చిక్కుడు మొక్కని కుండీలోంచి పీకి, వేరూ కాండమూ కోసి, రెండు మైక్రోస్కోపుల కింద పెట్టి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుని పిలిచాడు. ఆయన రెండూ చూశాడు, మా స్లైడూ చూశాడు.

"ఇది కాండం కాదండీ," అన్నాడు.

హెడ్డుగారు తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. "సరేనయ్యా. మీ అమ్మాయికి ఐదూ వేస్తే, మిగతా ఇరవై తొమ్మిది మందికీ సున్నా వెయ్యాలి. సగం మంది ఫెయిలవుతారు. వెయ్యమంటావా?"

అందరికీ వెయ్యొచ్చు కదా అంటారా? అమ్మో! ఒక ప్రశ్నకి రెండు జవాబులుంటే డిపార్ట్‌మెంటు పరువేం కాను! నేను నేలచూపులు చూశాను. ఎగ్జామినరు గడియారం చూసుకుని సంతకం పెట్టేశాడు.

వరండాలో ఆ పిల్ల ఏడుస్తూ అడిగింది. "నాకు కనబడిందే రాశాను కదా నాన్నా?"

"నాకూ అదే కనబడింది తల్లీ. ముప్పై ఏళ్లుగా కనబడుతూనే ఉంది. మొదటి ఏడాదే నోరు తెరిచుంటే, ఇవాళ నీ నోట్లో మట్టి కొట్టేవాణ్ణి కాదు."