విమానమెక్కిన మగ్గం అచ్చు

ఎమ్మిగనూరు నేతపేటలో దారాలు అతకడంలో ఉరుకుందమ్మకు పేరుంది. పాత పడుగు కొసకు కొత్త పడుగు కొసను కలిపి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని ఒక్క మెలి తిప్పుతుంది. ముడి ఉండదు, ఉబ్బు ఉండదు. ఆ అతుకు మగ్గంలోంచి తెగకుండా జారిపోతుంది. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. ఎవరైనా పక్కన నిలబడి మెచ్చుకుంటే, "రవ్వంత జరుగప్పా, ఎలుతురు పడల్ల" అంటుంది.

ఆమెతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు ఒక చిన్న సంఘంగా ఏర్పడి తువ్వాళ్ళు, దుప్పట్లు నేస్తున్నారు. మొన్న ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన ఒక చేనేత మేళాలో వాళ్ళకు పదిహేను రోజులు స్టాలు దొరికింది. దానికి ఒక షరతు ఉంది. మొదటి రోజు ఉదయం పదకొండుకు అధికారి చూడడానికి వచ్చేసరికి స్టాలులో మగ్గం నడుస్తూ ఉండాలి. లేకపోతే ఆ చోటు వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. ఆరుగురూ ఏడాదిగా నేసి దాచిన సరుకంతా ఆ స్టాలు కోసమే.

సరుకును, విడదీసిన ఒక ఖాళీ మగ్గం చట్రాన్ని సంఘానికి పెద్ద దిక్కయిన ఆదెప్ప ముందుగా రైల్లో తీసుకుపోయాడు. అచ్చు మాత్రం పోలేదు. అది ఉన్న ఇంటి మగ్గం మీద చివరి బట్ట ఇంకా కోయలేదు కాబట్టి.

అచ్చు అంటే మగ్గానికి ప్రాణం. గజానికి పైన పొడవుండే పన్నె, అంటే ఉక్కు పళ్ళ దువ్వెన లాంటిది. దాని వెనక వెదురు కోలలకు కట్టిన నూలు కళ్ళ అల్లెలు. పద్నాలుగు వందల నలభై దారాలు ఒక్కొక్కటీ ఒక అల్లె కంట్లోంచి, ఒక పన్నె పంటిలోంచి దూరి వస్తాయి. బట్ట కోసినప్పుడు ఆ దారాల కొసలు మూరెడు అలాగే వదిలి ముడేస్తారు. కొత్త పడుగును ఆ కొసలకు అతికితే సగం పూటలో మగ్గం నడుస్తుంది. కొసలు జారిపోతే మళ్ళీ కన్ను కన్నూ వెతికి ఎక్కించడానికి ఇద్దరికి రెండు రోజులు పడుతుంది.

ఉరుకుందమ్మ అచ్చు తీసుకుని వెనక రైల్లో పోవాలి. పద్నాలుగు నెలల కొడుకు గాదిలింగ ఇంకా పాలు తాగుతున్నాడు. అత్త శాంతమ్మకు కంటి ఆపరేషన్ అయింది కనుక నాలుగేళ్ళ కూతురు నాగవేణిని ఇంట్లో వదలడానికి లేదు. సరిగ్గా రైలు రోజున చిన్నవాడికి జ్వరం వచ్చింది. రైలు పోయింది. మేళావాళ్ళు అన్నిటికన్నా చవక విమానంలో టికెట్ తీసి పంపారు. టికెట్ వెంట వచ్చిన మెసేజిలో ఆమె భర్త రంగస్వామి కంట పడిన మాట ఒక్కటే. చేతి సంచి ఏడు కిలోలు దాటకూడదు.

రంగస్వామి ఆదోని పత్తి యార్డులో కాటా దగ్గర పని చేస్తాడు. మరుసటి ఉదయమే బొంతలో చుట్టిన అచ్చును భుజాన వేసుకుని బస్సెక్కి యార్డుకు తెచ్చాడు. కాటా మీద పెడితే ఏడు కిలోల మూడొందలు చూపించింది.

"ఏందప్పా రంగా, పత్తి బోరాలకు మొగుడివి, బొంతను తూస్తాండావా?" అన్నాడు హమాలీ యేసేపు.

"నా పెండ్లాం ఇమానం ఎక్కుతాంది. ఏడు కిలోలు దాటితే ఆపుతారంట."

"అయితే బొంత తీసేసి పాత దుప్పటి సుట్టు. ఏడ ఆపుతారో సూస్తాం."

మూడుసార్లు తూచి, ఆరు కిలోల ఎనిమిది వందలకు తెచ్చారు. యార్డులో అంతమంది చూశారు. రోజూ బట్టను మూరలతో కొలిచే ఇల్లు రంగస్వామిది. అయినా దాని పొడవు సంగతి ఎవరికీ తోచలేదు. ఆదోనిలో ఏ సరుకు ప్రశ్న వచ్చినా జవాబు కాటా మీదే దొరుకుతుందని వాళ్ళ నమ్మకం.

తెల్లవారి బస్సెక్కి ఉరుకుందమ్మ పన్నెండు గంటలకు శంషాబాదు విమానాశ్రయంలో దిగింది. వీపున చీర కట్టులో చిన్నవాడు, ఒక చేతిలో కూతురు, భుజాన అచ్చు.

కౌంటరు దగ్గర కుర్రాడు పిల్లవాడి పుట్టిన తేదీ కాగితం అడిగాడు. మున్సిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది. రెండేళ్ళ లోపు వాడు కాబట్టి సీటు లేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలన్నాడు. కంప్యూటరు ఆమెకు తొమ్మిదో వరుస, నాగవేణికి ఇరవై ఒకటో వరుస ఇచ్చింది.

"నాలుగేండ్ల పిల్ల సారూ. అంత దూరంలో ఒగతే ఎట్ల కూసుంటాది?"

"ముందుగా సీట్లు ఎంచుకోకపోతే అదే ఇచ్చేస్తుందమ్మా. లోపల పక్కవాళ్ళను అడగండి, మారతారు."

అచ్చును తూకం మీద పెట్టాడు. ఆరు ఎనిమిది వందలు. పొడవు వంక చూడలేదు, చేతి సామాను చీటీ కట్టి ఇచ్చాడు. రంగస్వామి లెక్క సరిపోయిందని ఆమెకు ధైర్యం వచ్చింది.

తనిఖీ దగ్గర చీర కట్టు విప్పి పిల్లవాడిని చేతుల్లోకి తీసుకొమ్మన్నారు. చీర వేరే ట్రేలో, చెప్పులు వేరే ట్రేలో. నిద్ర చెడి వాడు ఏడుపు అందుకున్నాడు. పాలసీసాను చూసి వదిలేశారు. అచ్చును మాత్రం తెర మీద చూసిన జవాను పక్కకు పిలిచి, ఇదేమిటని హిందీలో అడిగాడు. అచ్చును ఆ భాషలో ఏమంటారో తెలియక, ఆమె పిల్లవాడిని చంకన పెట్టుకుని, ఒక చేత్తో పేక దారపు నాడె విసిరినట్టు, పన్నె లాగినట్టు చేసి చూపింది. అతను నవ్వి పొమ్మన్నాడు.

గేటు దగ్గర, పసిపిల్లలున్నవాళ్ళు ముందుగా రావాలని మైకులో చెప్పారు. ఉరుకుందమ్మ అలవాటు కొద్దీ అందరినీ పోనిద్దామని పక్కకు జరిగింది. గేటు దగ్గరి అమ్మాయి ఆమెను చూసి చెయ్యి ఊపి పిలిచింది. దగ్గరికి పోగానే ఆ అమ్మాయి కళ్ళు భుజం మీది మూటకేసి పోయాయి.

"ఇది ఇందులో పెట్టండమ్మా" అని పక్కనున్న ఇనుప చట్రం చూపింది. అందులో పట్టిన సంచే లోపలికి పోవాలి. అచ్చు రెండింతలు బయటికి నిలబడింది.

"ఏడు కిలోల లోపే ఉంది తల్లీ. కాటా ఏసినాము."

"తూకం కాదమ్మా, సైజు. ఈ రోజు ఫ్లైటు నిండిపోయింది, పైన పట్టదు. మేమే కింద సామాన్లలో వేసి పంపిస్తాం, దిగాక తీసుకోవచ్చు."

ఉరుకుందమ్మ మూటను దగ్గరికి లాక్కుంది. బస్సు టాపు మీదికి మూటలు ఎలా విసురుతారో ఆమెకు తెలుసు. పెట్టెల కింద పడితే ముడులు ఊడతాయి, కొసలు జారతాయి. రేపు పదకొండుకు అక్కడ ఉండేది ఉత్త కొయ్య చట్రం.

వరుసలో ముందున్న ముసలాయన అడ్డు వచ్చాడు. పంచె, భుజాన శాలువా. మంత్రాలయంలో మాస్టరుగా పనిచేసి రిటైరైన వెంకోబారావు.

"ఇది బాగలేదమ్మా! నేత అంటే సామాన్యమైన విద్యనా? మగ్గమనేది దేవతా స్వరూపము. మీ సంస్థవారు ఆలోచన చేయవలసిన విషయమిది..."

ఆయన చెబుతున్నంతసేపూ వెనక జనం పెరిగారు. గేటు అమ్మాయి ముఖం ఇంకా బిగుసుకుంది. ఉరుకుందమ్మ ఆ మాటలు వినడం లేదు. అచ్చులో ఏది గట్టిది, ఏది మెత్తనిది అని లోపల విడదీసుకుంటోంది. పన్నె ఉక్కు. కోలలు వెదురు. అవి కింద పడినా బతుకుతాయి. అల్లెలు ఉత్త నూలు, కోలలు లాగేస్తే చాపలాగా చుట్టుకుంటాయి. పన్నెలోంచి దారాలు లాగేసినా, అల్లె కళ్ళలో అవి నిలిస్తే చాలు. పన్నె మళ్ళీ ఎక్కించడం రెండు గంటల పని. కళ్ళు మళ్ళీ ఎక్కించడమే రెండు రోజుల పని.

"తల్లీ, గేటు ఎంతసేపు తెరిసి ఉంటాది?"

"అందరూ ఎక్కేసరికి ఇరవై ఐదు నిమిషాలు. తర్వాత మీకోసం ఆపలేనమ్మా."

"సాలు. పొడుగుది నీకిస్తా. మెత్తంది నేను పట్టుకపోతా."

గోడ పక్క కుర్చీల దగ్గర దుప్పటి పరిచి అచ్చు విప్పింది. నలభై దారాలకొక ముడి చొప్పున ముప్పై ఆరు ముడులు. ఒక్కో ముడి విప్పి, ఆ దారాలను పన్నెలోంచి లాగి, అల్లె ముందు మళ్ళీ ముడెయ్యాలి. ఆ లాగేటప్పుడు వెనక కొసలను ఎవరో ఒకరు పట్టుకోవాలి. వెంకోబారావు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"సామీ, ఆ మాటలు తర్వాత. ఈ కొసలు పట్టుకుంటారా?"

ఆయన తడబడ్డాడు. "ఎట్ల పట్టుకోవల్లమ్మా?"

"కోడిపిల్లను పట్టుకున్నట్ల."

"నేను కోడిపిల్లనెప్పుడు పట్టుకున్నాను తల్లీ!"

"అయితే పూలదండ పట్టుకున్నట్ల. నలపకుండ, ఇడసకుండ."

ఆయన శాలువా తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని రెండు చేతులూ చాపాడు. ఆమె మొదటి జట్టు కొసలను వాటిలో పెట్టింది.

ఒకటి, రెండు, మూడు. వీపున పిల్లవాడు జడ పీకుతున్నాడు. పక్కన జనం నడిచి లోపలికి పోతున్నారు. ఇరవయ్యో ముడి దగ్గర నాగవేణి ఆమె కొంగు లాగింది.

"మా, ఒంటికి."

"రొంచేపు ఓర్సుకో బంగారీ."

"మా, వస్తాంది!"

ఉరుకుందమ్మ చేతిలోని ముడి బిగించి, అల్లెలనూ పన్నెనూ కలిపి ముసలాయన ఒళ్ళో పెట్టింది. "కదలొద్దు సామీ. తుమ్ము వచ్చినా ఆపుకోండి." పిల్లలిద్దరితో పరుగున పోయింది. తిరిగి వచ్చేసరికి ఆరు నిమిషాలు పోయాయి. వెంకోబారావు బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు మాత్రం ఏదో స్తోత్రం చదువుతున్నాయి.

"కదల్లేదు తల్లీ. ముక్కు మీద ఈగ వాలింది, అయినా కదల్లేదు."

ముప్పై రెండో ముడి దగ్గర చివరి పిలుపు వినిపించింది. గేటు అమ్మాయి ఆమె పేరు పిలిచి, గడియారం చూసుకుని, మళ్ళీ పిలిచింది. ఇక విడివిడిగా వేసే సమయం లేదు. మిగిలిన నాలుగు జట్ల దారాలను ఒక్కసారే లాగి, జడ రిబ్బను తీసి కలిపి కట్టేసింది. వరుస తప్పుతుందని తెలిసే కట్టింది. కోలలు లాగి, పన్నెకు అటూ ఇటూ బద్దల్లాగా పెట్టి, దుప్పటి చుట్టి ఇచ్చింది. అల్లెలను చాపలా చుట్టి నడుముకు కట్టుకుంది. గేటు అమ్మాయి మూటకు చీటీ అంటించి, జాగ్రత్తగా రెండు చేతులతో అందుకుంది.

లోపల వెంకోబారావు సీటు ఆమె పక్కదే. ఆయన దాన్ని నాగవేణికిచ్చి తాను ఇరవై ఒకటో వరుసకు పోయాడు. చిన్నవాడికి కట్టే బెల్టును ఎయిర్ హోస్టెస్ ఆమె బెల్టుకు తగిలించింది. నడుమున ఉన్నదేమిటని చూసి, మెత్తగా ఉండేసరికి ఊరుకుంది. విమానం లేచేటప్పుడు చెవులు గడియలు పడి పిల్లవాడు అరిచాడు. రొమ్ము అందిస్తే సర్దుకున్నాడు. నాగవేణి కిటికీలోంచి చూస్తూ, "మా, రోడ్లు దారాల్లాగ ఉన్నాయి" అంది. ఉరుకుందమ్మ చూడలేదు. నడుముకున్న చుట్టను తడుముతూ ముడులు లెక్కపెడుతోంది.

ఢిల్లీలో పన్నె వచ్చింది. మూడు పళ్ళు వంగాయి.

మరునాడు తెల్లవారుజామున ఐదుకు ఆదెప్ప చట్రం బిగించాడు. ఆమె అతకడం మొదలుపెట్టింది. ఎనిమిదిన్నరకు అతుకు అయింది. తర్వాత పన్నె ఎక్కించడం. ముప్పై రెండు ముడులూ నీళ్ళలా జరిగాయి. రిబ్బను కట్టిన నూట అరవై దారాల దగ్గర చిక్కు పడింది. ఒక్కొక్కటి వెతికి తియ్యాలి. అప్పటికే పదకొండయింది. స్టాలు ముందు పదిమంది దాకా నిలబడి ఆమె వేళ్ళనే చూస్తున్నారు.

ఫైలు పట్టుకుని అధికారి వచ్చాడు. మగ్గం నడవడం లేదేమని హిందీలో అడిగాడు.

ఆదెప్ప చేతులు కట్టుకుని, "దస్ మినిట్ సాబ్..." అంటున్నాడు.

ఉరుకుందమ్మ తలెత్తకుండా ఎమ్మిగనూరు సంతలో నేర్చిన ఉర్దూలోనే జవాబిచ్చింది. "చల్‌రాహై సాబ్. ఏ బీ బుననాచ్ హై." నడుస్తోంది, ఇది కూడా నేతే, అని.

 అధికారి పెన్ను జేబులో పెట్టుకుని జనంలో ఒకడిగా నిలబడ్డాడు. ఒక దారం, ఒక పన్ను. ఇంకొక దారం, ఇంకొక పన్ను. వంగిన మూడు పళ్ళ చోట పక్క పంటిలో ఒక్కటి కాక రెండేసి ఎక్కించింది. పావుగంట తర్వాత కొసలు లాగి కట్టి, మగ్గం ముందు కూర్చుని తొక్కుడు పలక తొక్కింది. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది. పన్నె లాగింది. మొదటి పోగు పడింది.

ఆయన కాగితం మీద సంఘం పేరు ఎదుట టిక్కు పెట్టి పక్క స్టాలుకు నడిచాడు. ఆదెప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. ఉరుకుందమ్మకు ఆ సంగతి తెలియదు. ఎడమ అంచు నుంచి ఎనిమిదో దారం కొంచెం వదులుగా ఉంది. దాన్ని వేలితో లాగి సరిచేస్తోంది.