బావ దాటని సిగ్నల్

మా బావ స్కూటర్ మీద పడిన ట్రాఫిక్ కేసు వివరాలు నలుగురిలో చదివి వినిపించింది నేనే. బండి నంబరు చదివాను, నేరం ఏమిటో చదివాను, జరిమానా ఎంతో చదివాను. అది ఏ కూడలిలో జరిగిందో మాత్రం చదవలేదు. ఆ ఒక్క వరుస చదివి ఉంటే ఎర్ర దీపం దాటినవాడు బావ కాదని అక్కడికక్కడే తెలిసిపోయేది. దాటింది నేను. ఇప్పుడిది మా వాళ్ళలో చాలామందికి తెలుసు. అయినా బావ జరిమానా కట్టిన మంచి బామ్మర్దినని నన్ను ఇంకా మెచ్చుకునేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్కా బావా హౌరాలోనే, రైలు పట్టాల పక్క పేట టికియాపారాలో ఉంటారు. బావ రైల్వేలో షంటింగ్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. యార్డులో ఖాళీ పెట్టెలను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే ఇంజను ఆయనది. దూరప్రయాణాల బండి నడిపే యోగం రాలేదని ఏనాడూ బాధపడలేదు. రోజూ ఇంటికొచ్చి అన్నం తినే డ్రైవర్ని నేనొక్కణ్ణే అని నవ్వేవాడు.

ఇంజనులో ఇద్దరుంటారు. ఎదురుగా కనిపించిన సిగ్నల్ రంగు ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు చూసి అదే రంగు తిరిగి చెప్పాలి. బావ ఈ పద్ధతిని స్కూటర్ మీదకు కూడా తెచ్చుకున్నాడు. వెనక కూర్చున్న అక్క "పచ్చ" అనాలి, ఆయన "పచ్చే" అనాలి. అక్క ఏదో ఆలోచనలో ఉండి పలకకపోతే, దీపం పచ్చగా వెలుగుతున్నా బావ కదలడు. వెనక మినీబస్సు హారన్ కొట్టి కొట్టి, చివరికి కండక్టర్ దిగి వచ్చి, "దాదా, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగిన సందర్భాలున్నాయి. చేపల బజారుకు వెళ్ళొచ్చేసరికి చేపలమ్మే వాళ్ళకన్నా తన గొంతే ఎక్కువ పోతుందని అక్క ఫిర్యాదు. కానీ పలకడం మానలేదు.

రైల్వేలో ఎర్ర సిగ్నల్ దాటడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బావ తన సర్వీసులో ఒక్కసారీ దాటలేదు. గొప్పలు చెప్పుకోవడం చేతకాని మనిషి, ఆ ఒక్క సంగతి మాత్రం అవకాశం దొరికితే పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెప్పేవాడు.

నేనూ హౌరాలోనే ఉంటూ, నది అవతల ఊరి చివరనున్న న్యూ టౌన్‌లో ఒక కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తున్నాను. బండ్ల మీద కేసులు వెతకడంలో ఇక్కడి మా తెలుగువాళ్ళలో నాకు పేరుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బెంచీ మీద ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. బండి నంబరు చీటీ మీద రాసుకుని ఒక్కొక్కరూ వస్తారు. పైకి కనిపించేంత తేలిక పని కాదది. హౌరా వంతెనకు ఇవతల పోలీసులు వేరు, అవతల వేరు, న్యూ టౌన్‌లో మళ్ళీ వేరు. ఒకరి దగ్గర ఏమీ లేదని వచ్చినంత మాత్రాన మనిషి బయటపడ్డట్టు కాదు. కొందరికి మెసేజ్ ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరుకు పోయి ఉంటుంది. కొందరి కేసు కోర్టుదాకా నడిచి ఉంటుంది. వాళ్ళకు లోక్ అదాలత్ ఎప్పుడో, ఏ కాగితాలు తీసుకెళ్ళాలో చెప్తాను. ఇక్కడి బెంగాలీలు కేసు పడిందనరు, కేసు తిన్నానంటారు. మావాళ్ళకూ అదే అలవాటు. ఈ వారం ఎవరేం తిన్నారని నవ్వుకుంటూ బెంచీ చుట్టూ చేరేవారు.

నాకు ఆ బెంచీ మీద కూర్చోవడం ఇష్టం. ఉచితంగా నాలుగు నీతులు చెప్పే హక్కు కూడా దానితో వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దమనిషికి హెల్మెట్ లేని కేసు బయటపడింది. చట్టం గురించీ తలకాయ విలువ గురించీ ఆయనకు పెద్ద ప్రసంగమే చేశాను. ఆయన తల వంచుకుని విన్నాడు. అప్పుడు బావ ముందుకొచ్చాడు. స్కూటర్ ఇన్సూరెన్స్ తిరిగి కట్టాలట, అందుకని చూడమన్నాడు.

"ఏటీ ఉండదు. అయినా సూడు," అన్నాడు, పరీక్షలో ఫస్టు వస్తానని తెలిసిన పిల్లాడిలా.

మొదటి చోట ఏమీ రాలేదు. రెండో చోటా రాలేదు. మూడో చోట ఒకటి వచ్చింది. ఫొటోతో సహా. స్కూటర్ వెనక భాగం, నంబరు ప్లేటు, సీటు మీద బావ హెల్మెట్ పెట్టుకున్న మనిషి. వీపున నా ఆఫీసు సంచి.

వెంటనే గుర్తొచ్చింది. అంతకుముందు చలికాలంలో నా బండి రిపేరులో ఉంటే బావ స్కూటర్ అడిగి తీసుకెళ్ళాను. న్యూ టౌన్‌లో మధ్యాహ్నం, మెట్రో స్తంభాల పక్కన అంత వెడల్పు రోడ్డు, కనుచూపు మేర ఒక్క మనిషి లేడు. ఎర్ర దీపం పక్కన అంకెలు నెమ్మదిగా తగ్గుతున్నాయి. ఎవరి కోసం ఆగాలి అనుకుని పోనిచ్చాను. స్కూటర్ తిరిగిచ్చేటప్పుడు బావ దాని చుట్టూ తిరిగి చూసి, "గీత కూడా పడనియ్యలేదురా, సెబాస్," అన్నాడు.

ఫోన్ తెర నాకు ఒక్కడికే కనిపిస్తోంది. నేను ఏ పోలీసుల దగ్గర వెతుకుతున్నానో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. ఇంతకు ముందే ఆర్గన్ ఆయనకు చేసిన ప్రసంగం ఇంకా నా నోట్లోనే ఉంది. నంబరూ నేరమూ జరిమానా చదివాను. చోటు చదవలేదు.

బావ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, అర్థం కానట్టు. "ఎప్పటిదిరా?" అని అడిగాడు. చలికాలంది అన్నాను. అబద్ధం కాదు.

ఆర్గన్ ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఏటి డ్రైవరుగారూ, రైలుకేనేటి బ్రేకులు, స్కూటర్‌కి లేవేటి?"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. నాకు స్కూటర్ ఇచ్చిన సంగతి ఆయనకు తట్టనేలేదు. ఒక రోజు పొద్దున్నే పొగమంచులో తాను ఒంటరిగా చర్చికి వచ్చిన సంగతి చెప్పాడు. ముందు పోతున్న బస్సు వెనకే వచ్చాడట, దీపం సరిగ్గా చూశాడో లేదో గుర్తులేదట. "ఎనకాల మీ అక్క లేదు ఆవేళ," అన్నాడు నాతో, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

నేను ఫోన్‌లోనే జరిమానా కట్టేశాను. బామ్మర్దంటే ఇలా ఉండాలన్నారు ఎవరో. సాయంత్రం అక్క స్టీలు గిన్నెలో రొయ్యల ఇగురు పంపించింది. తిన్నాను. చాలా బాగుంది కూడా.

తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు స్కూటర్ మెట్ల కింద గుడ్డ కప్పుకుని ఉంది. అక్క బజారుకు టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వెళ్ళొస్తోంది. రైల్వే ఆసుపత్రిలో బావ కళ్ళు చూపించుకున్నాడనీ, ఏ దోషమూ లేదన్నారనీ, అయినా ఆయనకు నమ్మకం కుదరలేదనీ చెప్పింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఉద్యోగమంతా రికార్డు ఏం చెప్తే అదే జరిగిందని నమ్మిన మనిషి. తన జ్ఞాపకానికీ కాగితానికీ తేడా వస్తే, తప్పు తన జ్ఞాపకానిదే అనుకుంటాడు. వేరేవాళ్ళయితే కెమెరాను తిట్టి మర్చిపోయేవారు. బావ కెమెరాను నమ్మి, తన కళ్ళను నమ్మడం మానేశాడు.

ఆయన మేడ మీద ఉన్నాడంటే వెళ్ళాను. అక్కడి నుంచి రైలు పట్టాలూ సిగ్నళ్ళూ కనిపిస్తాయి. పిట్టగోడ దగ్గర నిలబడి దూరంగా ఉన్న దీపాల రంగు ఒక్కొక్కటే పైకి చెబుతున్నాడు. కింద వంటింటి కిటికీ నుంచి అక్క తిరిగి చెప్పాలి.

"ఒక్కటీ తప్పు సెప్పడు," అంది అక్క నేను కిందికి దిగాక. "అయినా మళ్ళీ మళ్ళీ. నిన్న ఈ దీపాల గోలలో పప్పు మాడిపోనాది. ఏటి సేస్తాం సెప్పు."

నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. చెప్పలేదు. ఆర్గన్ ఆయన నవ్వుతాడన్న భయం ఒకటి. రొయ్యలు పంపిన అక్క మొహం ఎలా మారుతుందోనన్న భయం ఇంకొకటి. ఎలాగూ జరిమానా కట్టేశాను కదా, కేసు పోయింది కదా అని కూడా అనుకున్నాను. తలుచుకుంటే ఈ చివరిదే నాకు ఎక్కువ సిగ్గు.

కొన్నాళ్ళకు బావే ఫోన్ చేశాడు. లైసెన్సు గడువు అయిపోతోందట, ఇక తిరిగి రాయించుకోడట. స్కూటర్ అమ్మేయాలట. ఎవరైనా ఉంటే చూడమన్నాడు. "కొన్నోడికి అన్ని కాగితాలూ ఇవ్వాల. ఆ పాత కేసుదీ తీసి పెట్టు. దాసకూడదు," అన్నాడు.

ఆఫీసులో ఆ రికార్డు ప్రింటు తీశాను. జరిమానా కట్టిన రసీదులో చోటు పేరు ఉండదు. అదొక్కటే ఇచ్చినా సరిపోయేది. రెండూ సంచిలో పెట్టుకున్నాను, ఫొటోలో ఉన్న ఆ సంచిలోనే. నది దాటించే ఫెర్రీ హౌరా రేవుకు చేరేదాకా ఏది ఇవ్వాలా అని చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు రసీదును మడిచి జేబులో పెట్టుకుని, రికార్డు చేతిలోకి తీసుకున్నాను.

బావ మేడ మీదే ఉన్నాడు. కాగితం అందుకుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదవసాగాడు. ఒకచోట వేలు ఆగింది.

"న్యూ టౌన్," అన్నాడు. "నానెప్పుడెల్లేనురా న్యూ టౌన్?"

"నువ్వెళ్ళలేదు బావా. ఆ సంచి సూడు. నాది."

చాలాసేపు ఫొటో చూశాడు. నా భుజానికి వేలాడుతున్న సంచి చూశాడు. కోప్పడతాడని నిలబడ్డాను. ఆయన కాగితం మడిచి, పట్టాలవైపు తిరిగాడు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు.

దూరంగా ఒక దీపం మారింది. "పసుపు," అన్నాడు బావ. అక్క కింద లేదు, నీళ్ళకు వెళ్ళింది. నేను చూసి, "పసుపే," అన్నాను.

కోపం తర్వాత వచ్చింది, మెల్లగా. పిట్టగోడ మీద కూర్చుని, "రొయ్యలు కూడా తిన్నావు కదరా," అన్నాడు. తిన్నానన్నాను. ఆర్గన్ ఆయన తనను ఎన్ని ఆదివారాలు ఏడిపించాడో, చర్చి నుంచి ఎన్నిసార్లు పక్క సందులోంచి తప్పుకుని వచ్చేశాడో చెప్పాడు. అవన్నీ నాకు తెలియవు. నేను తప్పయిందని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తరవాత సెప్పు. ఎవరి ముందర సదివేవో ఆళ్ళ ముందర సదువు. ఈసారి అంతా సదువు."

బావ చెప్పినట్టున్నాడు, ఆదివారం దాకా అక్క నా ఫోన్ ఎత్తలేదు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళతో కలిసి వరండా చివర నిలబడింది, నావైపు చూడకుండా. ఆర్గన్ ఆయన టీ గ్లాసుతో వచ్చి, ఈ వారం ఎవరేం తిన్నారని అడిగాడు. నేను తిన్నాను అన్నాను. బెంచీ మీద కూర్చోకుండా నిలబడి, కాగితం తీసి మొదటి వరుస నుంచి చదివాను. బండి నంబరు. నేరం. చలికాలం నాటి తేదీ. న్యూ టౌన్‌లో కూడలి పేరు. ఫొటో చేతులు మారింది. ఆర్గన్ ఆయన ఫొటోనూ నా సంచినీ చూసి, మిగిలిన టీ తాగేశాడు.

బావ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందుకు వెళ్ళాను.

"బావా, ఆ ఎర్ర దీపం దాటినోడ్ని నేను. తెలిసీ నీ నెత్తిన ఉంచేను. నీ కళ్ళ మీద నీకే నమ్మకం పోతంటే సూసి కూడా నోరిప్పలేదు. తప్పయిపోనాది. నన్ను క్షమించు బావా."